ఆయన ఊళ్లో లేని రోజులు

పామర్రు బస్సులో పక్క సీటావిడకు ఫోన్ వచ్చింది. "మా ఆయన లారీ హనుమాన్ జంక్షన్ దాటిందంటండీ," అని నాతో చెప్పి, సంచిలోంచి గర్భనిరోధక మాత్రల అట్ట తీసి ఒకటి మింగింది. అట్ట నలిగి పాతబడింది, మాత్రలు మాత్రం సగం కూడా అయిపోలేదు. నర్సుని కదా, చూసి ఊరుకోలేకపోయాను.

"రోజూ వేసుకోవట్లేదా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"ఆయన లేనప్పుడు ఎందుకండీ? వచ్చిన రోజే వేసుకుంటా," అని నవ్వింది.

"అలా పనిచెయ్యవమ్మా. ఆయన ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి."

ఆ నవ్వు ఆగిపోయింది. దిగబోతూ నా చెవి దగ్గరికి వంగి, "ఈ నెల డేటు దాటిపోయిందండీ," అంది. పరీక్ష చేయించుకోమనేలోగా వెనక జనం ఆవిడను కిందికి నెట్టేశారు.

ఇప్పుడు ఆసుపత్రిలో మాత్రలిచ్చేటప్పుడు, "మీ ఆయన ఊళ్లో లేని రోజుల్లో కూడా వేసుకుంటున్నారా?" అని అడుగుతాను. కొందరు అచ్చం ఆవిడలాగే నవ్వుతారు.