ఖాళీ అట్టలతో సహా

ముప్పై నాలుగేళ్ళు ఆ ఇంట్లో బట్టలు నానబెట్టే ముందు ఓ తతంగం ఉండేది. ఆవిడ ఆయన చొక్కా తీసుకుని, జేబులో రెండు వేళ్ళు పెట్టి మూలమూలా తడిమి, కాగితం లేదని రూఢి అయ్యాకే బకెట్లో వెయ్యాలి. మూడు నెలలుగా ఆ పని లేదు. బకెట్లో ఆవిడ బట్టలే ఉంటున్నాయి, వాటికి జేబులు లేవు.

ఆయనకున్నది ఒకటే పిచ్చి. రసీదు. లోకంలో ఏ వస్తువు చేతులు మారినా దానికో కాగితం పుట్టాలి, ఆ కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఆదాయప్పన్ను తగ్గించి తీరాలి. వీధంతా ఆయన్ని రసీదుగారనే పిలిచేది. అసలు పేరు పోస్టుమ్యాన్ కూడా మరిచిపోయాడు.

పెళ్ళయిన కొత్తలో ఓసారి ఆవిడ చూసుకోకుండా చొక్కా నానబెట్టేసింది. జేబులో కళ్ళజోడు బిల్లు. ఆయన అరవలేదు, అలగలేదు. ముద్దయిన కాగితాన్ని ఉల్లిపొరలా విడదీసి, రెండు రుమాళ్ళ మధ్య పెట్టి ఇస్త్రీ చేశారు. ఆ రోజు ఆఫీసుకి మాత్రం నలిగిన చొక్కాతోనే బయల్దేరారు.

"చొక్కా కూడా ఇస్త్రీ చేసుకోవచ్చు కదండీ?"

"చొక్కాకి మినహాయింపు ఎక్కడిదే?"

జేబులో కాగితం ఉండగా బట్ట నీళ్ళ మొహం చూడకూడదన్న రూలు ఆ పూట పుట్టింది.

ఒకసారి బస్సు దిగుతుంటే దొంగ పర్సు లాక్కుని పరిగెత్తాడు. ఈయన వెంటపడ్డారు. "నాయనా, డబ్బు నువ్వుంచుకో, రసీదులు ఇచ్చి పో" అని నాలుగు వీధులు బతిమాలారట. దొంగకే జాలేసింది. రసీదులు గోడమీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి కూడా పెట్టి వెళ్ళాడు. ఇంటికొచ్చాక ఈయన రెండు రోజులు దిగులుగా ఉన్నారు, పోయిన డబ్బుకి కాదు.

"నష్టం కింద చూపిద్దామంటే కాగితం లేదే. వాడిచేత ఒక్క సంతకం పెట్టించుకోవాల్సింది."

పన్ను గడువు దగ్గరపడే నెలలో ఆ ఇల్లు రైల్వే స్టేషనే. వీధిలోవాళ్ళందరి కాగితాలూ ఉచితంగా నింపి పెట్టేవారు. టీలు కాచలేక ఆవిడ చేతులు పడిపోయేవి. బట్టల కొట్టాయన ఓ ఏడు దొంగ అద్దె బిల్లు తెచ్చాడు. ఈయన దాన్ని వేలితో కూడా తాకలేదు.

"తగ్గించడం వేరు, ఎగ్గొట్టడం వేరు. మొదటిదానికి నేనున్నాను, రెండోదానికి జైలుంది. ఎటు కూర్చుంటారు?"

"ఇటే లెండి" అని కొట్టాయన బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈయన చేతికి అందరికన్నా ఎక్కువ చిక్కినవారు ఎదురింటి డ్రాయింగు మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఒంటరి మనిషి, చిన్న పింఛను. ప్రతి నెలా అయిదో తారీఖున ఈయన వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడేవారు.

"మాస్టారూ, బీపీ మందుల బిల్లు?"

"ఏం పీడనయ్యా నువ్వు నాకు?"

"పీడ కాదండీ, మినహాయింపు. మాత్రల ఖాళీ అట్టలు కూడా ఇవ్వండి."

"అట్టలెందుకూ?"

"కొత్త నిబంధన."

బొమ్మలు తప్ప లోకం తెలియని మాస్టారు తిట్టుకుంటూనే తెచ్చి ఇచ్చేవారు. పన్నులాఫీసుకి చెత్త పంపడమేమిటని ఆవిడకి వింతగానే ఉండేది. ఆయన పనులన్నిటికీ అర్థం వెతకబోతే అన్నం ఉడకదని ఊరుకుంది.

ఆసుపత్రి నుంచి ఆయన ఆఖరి బిల్లు వచ్చినప్పుడు దాన్ని కూడా ఆవిడే రసీదులు గుచ్చే ఊచకి గుచ్చింది. ఆయన తొడిగిన ఆఖరి చొక్కా ఒక్కటే కొక్కేనికి మిగిలింది. "ఉతికి ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా, చూసినకొద్దీ బాధ" అని కూతురు రోజూ ఫోనులో పోరేది. ఈ ఏడు గడువు రేపనగా ఆవిడ మనసు రాయి చేసుకుంది. ఆయన నింపుతానని ఒప్పుకున్న వీధివాళ్ళ అయిదు ఫైళ్ళూ పన్నులు రాసే అమ్మాయికి అప్పగించి రావడం, వచ్చి చొక్కా నానబెట్టడం. రెండూ ఇవాళే.

బట్టల కొట్టు పైనున్న ఇరుకు గదిలో ఆ అమ్మాయి నాలుగు ఫైళ్ళు చకచకా చూసింది. అయిదోది, మాస్టారి నీలం ఫైలు, విప్పగానే మాత్రల అట్టలు జలజలా బల్లమీద పడ్డాయి.

"అమ్మగారూ, ఇదేమిటండీ, మందుల షాపా?"

"నిబంధనట కదమ్మా?"

"అలాంటి నిబంధన నేనెక్కడా చూళ్ళేదు. అసలు ఈయనకి వచ్చేదాంట్లో పన్నే పడదు. ఇన్నేళ్ళుగా ఈ ఫైలుతో ఎవరికీ పనిలేదు."

ఆవిడకి చురుక్కుమంది. "మా ఆయన పన్ను విషయంలో తప్పు చెయ్యరు."

అమ్మాయి మాట పొడిగించకుండా ఓ బిల్లు వెనక్కి తిప్పి ఆవిడ చేతిలో పెట్టింది. పెన్సిలుతో ఆయన చీమతలకాయ అక్షరాలు: "పదిహేనే కొన్నారు. సగం విరిచి వేసుకుంటున్నారు. మళ్ళీ వెళ్ళాలి." ఇంకో బిల్లు: "ముప్పై కొన్నారు. మింగారో లేదో?" ఆ తర్వాతి నెలది: "ఖాళీ అట్టలు అడిగాను. నిబంధన అన్నాను. నమ్మారు."

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఆడిన ఒక్క అబద్ధం దొరికింది, అదీ రసీదుతో సహా. కాగితాలు సర్దుతూ ఆఖరి బిల్లు తారీఖు చూసింది. నవ్వు ఆగిపోయింది. మూడు నెలల కిందటిది. ఆ తర్వాత మాస్టారిని అడిగిన నాథుడు లేడు.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఎదురింటి గుమ్మమెక్కింది. మాస్టారు తలుపు తీసి గోడ పట్టుకుని నిలబడ్డారు. పాదాలు కాస్త వాచి ఉన్నాయి.

"మాస్టారూ, మందుల బిల్లు?"

"ఆయనే లేరు, ఇంక మినహాయింపెందుకమ్మా?"

ఏనాడూ గొంతు పెంచి ఎరగని మనిషి నడుముకి కొంగు బిగించింది. "ఆయన లేరని నిబంధన ఊరుకోదు. మూడు నెలలవి బాకీ పడ్డారు."

"జరిమానా వేస్తారా?" మాస్టారు బెదిరారు.

"కనుక్కుంటాను. ముందు నాతో డాక్టరు దగ్గరికి రండి. ఆ చీటీ కూడా జత చెయ్యాలి."

"ఆయనే నయం తల్లీ" అని గొణుక్కుంటూ మాస్టారు చెప్పుల కోసం వెతికారు.

పొద్దుగుంకే వేళకి ముప్పై మాత్రలూ, బిల్లూ వచ్చాయి. ఆవిడ మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టి, మొదటిది తన ఎదుటే మింగించి, బిల్లు పట్టుకుని ఇంటికొచ్చింది. బకెట్లో పొద్దున పోసిన నీళ్ళు అలాగే ఉన్నాయి. కొక్కేనికున్న చొక్కా తీసింది. జేబులో రెండు వేళ్ళు పెట్టి మూలమూలా తడిమింది. ఖాళీ.

చేతిలోని బిల్లు మడిచి ఆ జేబులో పెట్టి, చొక్కాని మళ్ళీ కొక్కేనికి తగిలించింది. కూతురు ఫోను చేసింది.

"ఉతికావా అమ్మా?"

"ఎలా ఉతకనే? జేబులో కాగితం ఉంది" అని, బకెట్లో నీళ్ళు పట్టుకెళ్ళి మొక్కలకి పోసింది.