రిమార్కుల గడిలో కొమురమ్మ మాటలు

హైటెక్ సిటీలో ఉద్యోగం రావాలంటే ఇంటర్వ్యూలు గట్టెక్కితే చాలదు. అవన్నీ అయ్యాక ఒక మనిషి బైకు మీద మీ గల్లీకి వస్తాడు. ఇంటి నంబరు సరిచూస్తాడు, తలుపు ఫొటో తీస్తాడు, పక్కింటివాళ్లతో సంతకం పెట్టించుకుంటాడు. కంపెనీ ఆ మనిషిని ఎప్పుడూ చూడదు. అతను రాసిన కాగితాన్ని మాత్రం నమ్ముతుంది.

మొగిలి అలాంటి మనిషి. చందానగర్‌లో నేనూ అతనూ ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం. జనగామ దగ్గరి పల్లె అతనిది. డిగ్రీ రెండో ఏడుతో చదువు ఆగిపోయింది. మూడేళ్లు రాయదుర్గంలో ఒక అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. రోజుకు పన్నెండు గంటలు లోపలికి వెళ్లేవాళ్ల సంచులు తెరిచి చూడడమే పని. ఆ కాలంలో అతనికి మిగిలినవి మోకాళ్ల నొప్పి, ఒక జత నల్ల బూట్లు. తర్వాత ఉద్యోగుల వివరాలు సరిచూసే ఏజెన్సీలో చేరాడు. మళ్లీ ఆ గేటు దగ్గరికి వెళ్లాల్సి వస్తుందేమోనన్న భయం మాత్రం పోలేదు. ఫోన్ మోగితే చాలు, చెయ్యి తుడుచుకుని ఎత్తేవాడు.

ఏజెన్సీ నియమాలు అతనికి కంఠతా వచ్చు. ఉద్యోగానికి పెట్టుకున్నవాడికి ముందుగా చెప్పకూడదు, అందుకే ఫారంలో ఫోన్ నంబరు కొట్టేసి ఉంటుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండకూడదు. తప్పు పడితే ఫారమే కొత్తది తీసుకోవాలి. చూసిందీ విన్నదీ రాయాలి, సొంత అభిప్రాయం రాయకూడదు. అన్నీ కుదిరితే గ్రీన్ రిపోర్టు, కుదరకపోతే రెడ్. రెడ్ పడిన పేరు ఆ ఒక్క కంపెనీతో ఆగదు.

రెండు వేల పదకొండు అక్టోబరు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు ఆగిపోయి కరెంటు కూడా గంటల లెక్కన పోతోంది. అద్దాల భవనాల్లో మాత్రం జనరేటర్లు నడుస్తున్నాయి. ఆ రోజుల్లో ఒకనాడు ఏజెన్సీ మేనేజరు శివశంకర్ మొగిలి ముందు ఒక ఫైలు పెట్టాడు. ఆయనది అనంతపురం.

"ఇది అర్జెంటప్పా. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని ఏవో కంప్యూటర్ భాషలంట. వాటి మీద పరిశోధన చేసి, దాన్ని బ్యాంకుల పనికి పెట్టేవాళ్లు కావాలంట. మూన్నెల్లు వెతికినారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వందమంది వచ్చినారంట, ఒక్కనికీ రాలేదు. కడాకు ఈ పిల్లోడు దొరికినాడు. సోమవారం చేరాల."

"ఎక్కడ సార్ ఇల్లు?"

"బోరబండ. సాయంత్రం ఆరు లోపల కాయితం రావాల. లేకుంటే ఆ కంపెనీ భార్గవి మేడం నా ప్రాణం తీస్తాది. ఇంగోటి, పోయిన నెల ఒగడు హోటల్లో టీ తాగతా ఫారం నింపినాడే, వాని గతి గుర్తు పెట్టుకో."

ఫైలు మీద పేరు కె. మహేందర్. ఎం.టెక్. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాడు. కాబట్టి చూడవలసింది తల్లి ఉండే ఇల్లు.

బోరబండ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో మొగిలి బైకు దిగేసరికి పన్నెండు దాటింది. మూలమీద కిరాణా కొట్టు ఈరమ్మది. మహేందర్ ఇల్లు ఎక్కడని అడిగాడు. ఆమె పప్పు తూచడం ఆపి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"గా పేరుగల్లోళ్లు గీ గల్లీల ఎవ్వలు లేరు సారూ."

ఎదురింటి ముసలాయన కూడా అదే అన్నాడు. బట్టలు ఆరేస్తున్న ఇంకొకామె అడగకముందే "మాకెర్క లేదు సారూ" అని లోపలికి వెళ్లిపోయింది. మొగిలికి ఒళ్లంతా ఇబ్బందిగా అనిపించింది. మూడేళ్లు అతనే అందరినీ సారు అన్నాడు. అతన్ని ఎవరూ అనలేదు.

ఫారంలోని నంబరు ఒక రేకుల ఇంటి తలుపు మీద కనిపించింది. గడపలో యాభై ఏళ్ల మనిషి బియ్యం ఏరుతోంది. పక్కన పదహారేళ్ల పిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంది. పెద్దామె పేరు కొమురమ్మ అనీ, ఆ పిల్ల పక్కింటి నవనీత అనీ, సమ్మెకు కాలేజీ మూసి ఇంట్లో ఉందనీ తర్వాత తెలిసింది.

"మహేందర్ ఇల్లు గిదేనా?"

"కాదు సారూ."

"నీకు కొడుకులు?"

"లేరు. నేనొక్కదాన్నే." ఆమె అతని ముఖం చూడలేదు, కాళ్లవైపే చూస్తోంది.

మొగిలి అరుగు మీద కూలబడ్డాడు. ఇల్లు ఉంది, మనిషి లేడు. అంటే దొంగ చిరునామా. అంటే రెడ్. మూడు నెలలు వెతికి పట్టుకున్న మనిషిని ఈ ఒక్క కాగితం కొట్టేస్తుంది. అది రాయడానికి అతనికి చెయ్యి ఆడలేదు. అట్లాగని రాయకుండా వెళ్తే శివశంకర్ ఊరుకోడు. గొంతు ఎండిపోయి మంచినీళ్లు అడిగాడు.

ఎవరనుకుందో ఏమో, ఎవరైనా సరే నీళ్లకు లేదనదు కొమురమ్మ. స్టీలు గ్లాసు నిండా తెచ్చి ఇచ్చింది. మొగిలి సగం తాగి, గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు చూశాడు. అలవాటు కొద్దీ పైకే చదివాడు.

"చిరంజీవి మహేందర్, పది పాసైనందుకు, మేనమామ."

నవనీత పుస్తకం మూసేసింది. కొమురమ్మ చేతిలోని చాట ఒక పక్కకు ఒరిగి బియ్యం జారాయి.

"ఇగ ఎన్నిసార్లు వస్తరు సారూ?" అంది కొమురమ్మ. "మూడుసార్లు మఫ్టీల వచ్చిండ్రు. గిట్లనే ఫైలు, గిట్లనే బూట్లు. వాడు ఇంట్ల లేడంటే నమ్మరు. నేను మీ కాళ్లు మొక్కాల్నా?"

అప్పుడు మొగిలి తన కాళ్లు చూసుకున్నాడు. గార్డు ఉద్యోగం నాటి నల్ల బూట్లు. పొద్దున పాలిష్ కూడా చేశాడు.

"అయ్యో, పోలీసును కాదవ్వా! కంపెనోళ్లు పంపిండ్రు. నీ కొడుక్కు నౌకరి వచ్చింది. ఇల్లు చూసి రమ్మన్నరు, గంతే."

ఆమె నమ్మలేదు. నవనీత ఫారం లాక్కుని చదివింది. ముఖం విప్పారింది.

"నిజమే పెద్దమ్మా. పరిశోధకుడు అని ఉంది. అన్న చెప్తుండె గదా, గా భాషలు."

"ఏం భాషలే? వానికి తెలుగు, ఉర్దూ రెండే గద వచ్చేది."

"మనుషులు మాట్లాడేటియి కావు. ఒక డబ్బాల పప్పు పోస్తే ఇగ దాన్ని తియ్యొద్దు, కలపొద్దు. ఇంకో లెక్క కావాల్నంటే ఇంకో డబ్బా. గట్ల రాస్తే ఎక్కడ తప్పయిందో జల్ది దొరుకుతదట."

"గిన్ని డబ్బాలు ఏడ పెట్టుకుంటరే? దీనికా వాడు కండ్లు కాయలు చేసుకున్నది!" కొమురమ్మ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె హైటెక్ సిటీలో ఒక కంపెనీలో బల్లలు తుడుస్తుంది. బస్సుల్లేక నాలుగు రోజులుగా వెళ్లలేదు. "నేను తుడిచే బల్లల కాడ నా కొడుకు కూసుంటడా?"

నిమిషంలో గల్లీ అంతా మారిపోయింది. ఈరమ్మ పరుగున వచ్చి సంతకం పెట్టింది. "నేనే లేరన్న. నా నోట్ల మన్ను పడ! పోలీసోనివనుకున్న కొడుకా, నీ కటింగు గూడ గట్లనే ఉంది." ఎదురింటి ముసలాయన మహేందర్ పుట్టిన సంవత్సరంతో సహా చెప్పాడు.

మొగిలి ఫారం మడవబోయాడు. కొమురమ్మ ఆపింది.

"గీ జాగ ఖాళీగ ఉందేంది?"

"అది రిమార్కులవ్వా. ఏమన్న ఉంటే రాస్తం."

"అయితే రాయి. మార్చిల రైల్ రోకో నాడు నా కొడుకు గీ స్టేషన్ల పట్టాల మీద కూసున్నడు. రాయి ఇసరలే. ఎవ్వల మీద చెయ్యెత్తలే. పదకొండు దినాలు జైల్ల పెట్టిండ్రు. బెయిలు మీద వచ్చిండు, కేసు నడుస్తుంది. రేపు ఎవడన్న చాడీ చెప్తే నా కొడుకు దొంగ అనుకుంటరు. కంపెనోళ్లకు మన నోటితోనే తెల్వాలె."

కేసు అన్న ఒక్క మాట ఆ గడిలో పడితే భార్గవి మేడం తక్కినది చదవదని అతని అనుభవం. వద్దని చెబితే ఈ తల్లి ఒప్పుకోదు. ఒక్క క్షణం ఆలోచించి, ఒళ్లో ఫైలు పెట్టుకుని వంగాడు. పెన్ను కాగితానికి అంగుళం ఎత్తున నడిచింది. ఆమె చెప్పింది చెప్పినట్టు గాలిలో రాశాడు.

"సదువు" అంది కొమురమ్మ. ఆమెకు అక్షరం రాదు.

ఖాళీ గడి చూస్తూ చదివాడు. పట్టాలు, రాయి, పదకొండు రోజులు, బెయిలు, ఏదీ వదల్లేదు. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి ఆఖర్న తనది ఒకటి కలిపాడు కూడా: "ఈ ఇల్లు నేను చూసిన. ఈ పిల్లగాడు మంచోడని నాకు నమ్మకం. ఇట్లు, మొగిలి."

అతని భుజం పక్కనుంచి నవనీత తెల్లని గడి చూస్తోంది. అతనివైపు చూసింది, పెద్దమ్మవైపు చూసింది. "మంచిగ ఉంది పెద్దమ్మా" అంది.

ఆ సాయంత్రం అయిదూ నలభైకి గ్రీన్ రిపోర్టు శివశంకర్ బల్ల మీద ఉంది.

ఆ తర్వాత రెండు రోజులు మొగిలి సరిగా అన్నం తినలేదు. మంచి చేశానో చెడు చేశానో చెప్పమని నన్ను అడిగేవాడు. నేను ఏం చెప్పినా వినేవాడు కాదు. మూడోనాడు పొద్దున ఫోన్ మోగింది.

"ఏమప్పా, ఆ బోరబండ ఇంటికి పోయినావా, యాడన్నా కూసోని నింపినావా?"

"పోయిన సార్. ఫొటో ఉంది గద."

"ఆ పిల్లోడే అప్లికేషన్లో కేసుండాదని నంబరుతో సహా రాసినాడంట. నువ్వేమో రిమార్కులు ఖాళీ పెట్టినావు. ఇంటికి పోయినోనికి ఒక్కరన్నా చెప్పరా అని మేడం అడగతాంది."

మొగిలి లెక్క వేసుకున్నాడు. చెప్పారంటే దాచినట్టు, చెప్పలేదంటే అడగనట్టు.

"కేసుంటే ఏమీ కాదంట. ఆ టీము పెద్దాయనకు ముందే తెలుసంట, వాని పనే కావాలంట ఆయనకు. రెండు కాయితాలూ ఒకే మాట చెప్పాల, అంతే. ఇప్పుడు ఇంగొకడు గూడా దొరికినాడంట, రేపు తొమ్మిదికి కొత్త ఫారం తేకుంటే ఆ పిల్లోని బదులు వాన్ని తీసుకుంటారు."

"ఇయ్యాల బందు సార్."

"బందు మీదే గదప్పా. నిన్ను పోనిస్తారులే."

"మా బందుకు మేం గూడ ఆగుతం సార్" అన్నాడు మొగిలి, ఫోన్ పెట్టేశాక.

అయినా బయలుదేరాడు. కొత్తగూడ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపారు. జై తెలంగాణ అన్నాడు. "తెలంగాణోడివై బందు నాడు డ్యూటీ చేస్తవా? సిగ్గు లేదా అన్నా?" అని రెండు టైర్లలోనూ గాలి తీసేశారు. బైకు ఒక మూసిన షట్టరు ముందు వదిలి, ఎండలో ఆ బూట్లతోనే బోరబండదాకా నడిచాడు. ఏ మలుపులో ఎవరు ఫైలు లాక్కుంటారోనని దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు.

గడప ముందు బూట్లు విప్పాడు. అతన్ని చూడగానే కొమురమ్మ ముఖం పాలిపోయింది.

"మళ్ల వచ్చినవేంది కొడుకా? పోయిందా నౌకరి?"

"లేదవ్వా. ఇంకో సాఫు కాపీ రాయాల్నట."

నవనీత అతన్ని సూటిగా చూసింది. ఈసారి పెన్ను కాగితానికి ఆనింది. పట్టాలు, రాయి, పదకొండు రోజులు, బెయిలు, అన్నీ రాశాడు. గడి నిండింది. నవనీత ఫారం తీసుకుని చదివి వినిపించింది. కొమురమ్మ కళ్లు మూసుకుని విన్నది.

"ఆఖరుది ఏది?" అంది.

"ఏది అవ్వా?"

"ఈ పిల్లగాడు మంచోడని నాకు నమ్మకం, ఇట్లు మొగిలి. ఆ దినం సదివినవ్ గద. నేను చెప్పకున్నా నీ అంతట నువ్వే రాసినవని గల్లీ అంతా చెప్పుకున్న. గిప్పుడెందుకు తీసేసినవ్?"

మొగిలి ఎప్పుడూ ఏ ఫారంలోనూ సొంత మాట రాయలేదు. రాసినవాళ్లను శివశంకర్ మరునాడు ఉంచలేదు. రాయకుంటే ఈమె అడిగేదానికి జవాబు లేదు.

"తీసెయ్యలేదవ్వా. జాగ సాల్లే."

"ఉందన్నా" అంది నవనీత, గడి కింది గీతకూ సంతకానికీ మధ్య వేలుపెట్టి చూపిస్తూ. "సన్నగ రాస్తే పడుతది."

మొగిలి సన్నగా రాశాడు. కింద పేరు మాత్రం పెద్దగా పెట్టాడు. నవనీత మళ్లీ చదివింది. కొమురమ్మ లేచి లోపలికి వెళ్లి అదే గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

సోమవారం మహేందర్ చేరాడు. శివశంకర్ ఆ ఆఖరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ఒక జిరాక్సు తీసి మొగిలి పేరు మీది ఫైల్లో పెట్టుకున్నాడు. ఇంకొక్కసారి ఇట్ల జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదన్నాడు. మొగిలి ఇప్పుడు చెప్పులతో తిరుగుతున్నాడు. ఫోన్ మోగితే మాత్రం ఇప్పటికీ ముందు చెయ్యి తుడుచుకుంటాడు.