మిర్చి ఘాటు లేని కథ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దవాఖానలో పెద్దమ్మకు నేను చదివి వినిపించిన సీరియల్ ఆఖరి భాగం ఏ వారపత్రికలోనూ అచ్చు కాలేదు. అది నా డైరీలో నేను రాసింది.

డెబ్బైల చివర్లో సంగతి. నాకు పంతొమ్మిదేళ్లు. వరంగల్ బజారులో మాది కిరాణా దుకాణం. పాత పత్రికలు కిలోల లెక్కన వచ్చేవి. మధ్యాహ్నాలు ఇంట్లో ఆడవాళ్లం మైదా జిగురుతో కాగితం సంచులు అంటించేవాళ్లం. అంతకుముందే సీరియల్ పేజీలు చింపి మిరపకాయల బస్తా వెనక దాచేదాన్ని. అందుకే వాటికి ఎప్పుడూ మిర్చి ఘాటు.

నాన్న వదినగారు మా పెద్దమ్మ. ఆమెకు అక్షరం రాదు. "ఏదన్న సదువే, చేతులు జల్ది ఆడతయి" అనేది సంచులు అంటిస్తూ. నలుగురిలో నోరు తెరవలేని నేను, కాగితం చేతిలో ఉంటే మాత్రం గొంతెత్తేదాన్ని. కథలో వాళ్ల కోపం, ఏడుపు నా నోట్లోంచి వచ్చేవి. సొంత మాటలు రెండైనా వచ్చేవి కావు.

ఆ ఎండాకాలం ఆమె కడుపులో గడ్డ అని తేలింది. డాక్టర్లు కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. చేసేదేమీ లేదన్నారు. అమ్మ గంజి తెచ్చేది, నాన్న మందులు తెచ్చేవాడు, నేను స్టూలు మీద కూర్చునేదాన్ని. నొప్పి లేస్తే పెద్దమ్మ మంచం ఇనుప పట్టెను పట్టుకునేది. నేను చూస్తూ ఉండేదాన్ని, అంతే.

"గట్ల గుడ్లప్పగించి చూడకు," అన్నది ఒకరోజు. "నీ మొఖం చూస్తే నాకంటె నువ్వే ముందు పోయేటట్టున్నవ్. ఆ రైలు పిల్ల ఏమాయె? సదువు."

రైలు పిల్లంటే అత్తింట్లో చెప్పకుండా రైలెక్కిన సీరియల్ అమ్మాయి. రోజూ సాయంత్రం ఒక భాగం చదివాను. ఆ అరగంట పెద్దమ్మ చెయ్యి పట్టెను వదిలేది. పక్కమంచం అవ్వ కూడా ఇటు తిరిగి పడుకునేది. కథలు చదివితే ఏమొస్తుందని నాన్న ఎప్పుడూ అడిగేవాడు. ఈ అరగంట వస్తుందని చెప్పాలనిపించేది.

పుట్టినూరి స్టేషన్లో రైలు ఆగిన దగ్గర ఒక భాగం అయిపోయింది.

"దిగిందా?"

"రేపు చదువుతా పెద్దమ్మా."

ఇంటికొచ్చి బస్తా వెనక చూస్తే ఆఖరి పేజీలు లేవు. దవాఖానకు పోయే తొందరలో నేనే వాటిని సంచుల కాగితాల్లో కలిపేశాను. ఎండిన సంచులన్నీ తిరగేశాను. ఎవరింటికో పల్లీలతో పోయినట్టున్నాయి. ఆమెకింకా ఎన్ని రోజులున్నాయో ఎవరికీ తెలియదు. పోయాయని చెప్పే ధైర్యం నాకు లేదు.

పొద్దున లేచి డైరీలో నేనే రాశాను. పిల్లను రైలు దింపాను. పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాను. అక్కణ్ణుంచి ఎటు పంపాలో నాకు తోచలేదు.

సాయంత్రం డైరీ తెరిచి అదే చదివాను. పెద్దమ్మ కళ్లు మూసుకుని విన్నది. మర్నాటికి ఆమెకు స్పృహ లేదు, మళ్లీ రాలేదు. ఆ పిల్ల నా డైరీలో ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది.

ఆ సాయంత్రం చదవడం అయ్యాక నేను లేవబోతుంటే, పెద్దమ్మ నా చేతిలోని డైరీని ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"మిర్చి ఘాటు లేదే దీనికి," అన్నది. "అయినా మంచిగనే ఉన్నది బిడ్డా. దిగినంక ఎటు పోయిందో, రేపు రాసుకొని రా."