జ్వరాల గోనె

నాకు సంతకం మించి రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యమధ్య "అదెందుకమ్మా" అంటోంది. రాయవే అన్నాను.

మా ఆయన ఉక్కు కార్ఖానాలో పనిచేసినన్నాళ్లూ మాకు మందుల బెంగ లేదు. కద్మాలో కంపెనీ ఇచ్చిన క్వార్టరులో ఉండేవాళ్లం. కంపెనీ కార్డు చూపిస్తే ఆసుపత్రిలో పురుడైనా జ్వరమైనా ఊరికే చూసేవారు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆయన పోయారు. క్వార్టరూ పోయింది, కార్డూ పోయింది. నది అవతల మాంగో బస్తీలో ఒక గది తీసుకుని, నాలుగిళ్లలో పాచిపని చేసేదాన్ని. అప్పుడు, ఇది రాస్తున్న ఈ పిల్లకే టైఫాయిడ్ పట్టుకుంది. ఆరేళ్లది. బయటి డాక్టరు రాసిన మందు నేను కొనగలిగేది కాదు.

కద్మాలో ఉన్నప్పటి మా పక్కింటావిడ తన కార్డు పట్టుకుని వచ్చింది.

"నా కూతురని సెప్పీ. ఎవుడు సూత్తాడు?"

"దొరికిపోతే మీ ఆయన నౌక్రీ పోతాది వదినా. నా పిల్ల నా పిల్లగానే బతకాల."

కార్డు ఆవిడ చేతిలోనే పెట్టి పంపేశాను.

మా తెలుగు చర్చిలో ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్లం దేవుడి పేర గుప్పెడు బియ్యం డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చి గోనెలో పోస్తాం. అవి సాక్చి బజారులో అమ్మి చర్చి ఖర్చులకి వాడతారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను గోనె పక్కన నిలబడ్డాను. ఈ వారం బియ్యం నా పిల్ల మందుకి ఇవ్వండి అన్నాను. అడుక్కునే గొంతుతో అనలేదు.

క్రేన్ నడిపే ఆయన భార్య లేచింది. "అయి దేవుడి బియ్యం. మా ఇంట్లో జొరమొత్తే కార్డుంది. నీ జొరానికి మేమెందుకెయ్యాల?"

"నాకు కార్డున్నప్పుడూ ఏసినానక్కా, తొమ్మిదేళ్లు. ఒక్క గింజ ఎనక్కి అడిగినానా?"

"అందరూ ఇలాగే వొత్తే గోనె కాళీ అయిపోదేటి?"

"అందరికీ ఒకే వారం జొరం రాదు. దేవుడికి అసలే రాదు."

వెనక ఎవరో ముసలామె కిసుక్కున నవ్వింది. పాస్టరుగారు తల వంచుకుని నవ్వు దాచుకున్నారు. తర్వాత గోనె మూతి కట్టి నా ముందు పెట్టారు.

"దేవుడితో నేను మాటాడుకుంటాను. నువ్వు తీసికెళ్లమ్మా."

ఆ బియ్యం అమ్మిన డబ్బు మందుకి చాలక మరుసటి వారం గోనె కూడా ఇచ్చారు. పిల్ల లేచి కూర్చుంది. అప్పటినుంచి చర్చిలో రెండు గోనెలు ఉన్నాయి, ఒకటి చర్చికి, ఒకటి జ్వరాలకి. ఠేకేదారు కింద కాంట్రాక్టు పని చేసే, కార్డు లేని కూలీలకి, మా చర్చి గడప తొక్కనివాళ్లకి కూడా అందులోంచే ఇచ్చాం. ఆ రెండో గోనె నేను నోరు తెరిచి అడిగితే వచ్చింది. అలా చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పిల్ల నడవగలిగిన మొదటి ఆదివారం డబ్బా దాని చేతికే ఇచ్చాను. గుప్పిట పట్టినన్ని తీసి జ్వరాల గోనెలో వేసింది. క్రేన్ ఆయన భార్య చూస్తూనే ఉంది.

"ఏటే, నీ గుప్పెడింతేనా? పిట్టక్కూడా సాలదు."

"సెయ్యి పెరుగుతాదిలే అక్కా" అన్నాను.

ఆవిడ తన డబ్బా తెచ్చి అదే గోనెలో బోర్లించింది.