మోరి వాటం

గోల్ఫ్‌లో బంతిని గుంత దగ్గరికి చేర్చడం ఒక పని, గుంతలో వేయడం ఇంకో పని. మొదటిది నాకు ఎవరూ నేర్పలేదు. కార్వాన్ గల్లీల్లో కర్రతో చిర్రను ఎగరగొట్టే చిర్రగోనె ఆడి పెరిగినవాణ్ణి, దూరం కొట్టడం ఒక లెక్కా? రెండోదే నన్ను ముంచింది.

మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. నేనొక్కణ్ణే నాలుగు ఉర్దూ అక్షరాలు నేర్చుకుని దఫ్తరులో గుమాస్తానయ్యాను. ఆదివారాలు సంతకాల కాగితాలు పట్టుకుని, మా పెద్ద అధికారి గోల్ఫ్ ఆడే మైదానానికి, సికింద్రాబాదు లష్కర్ అవతలికి, సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి. ఒకరోజు ఆయన సరదాకి కర్ర నా చేతికిచ్చాడు. నేను కొట్టిన బంతిని వెతకడానికి ఇద్దరు మనుషులు పోవాల్సి వచ్చింది. అప్పటినుంచి రెండేళ్ళు, ప్రతి ఆదివారం ఆయనతో ఆడాను. వారంలో ఆరు రోజులు తలవంచుకుని రాసేవాడికి ఆ ఒక్క పూట తలెత్తుకుని నడవడం ఎలా ఉంటుందో చెప్పలేను. దానికోసమే బతికానంటే అబద్ధం కాదు.

అయితే గుంత దగ్గర నా దెబ్బ కుదిరేది కాదు. జంటల పోటీ ఒకటి దగ్గరపడుతుండగా అధికారి నన్ను జతగా తీసుకుంటానన్నాడు. గుంత దగ్గర పరువు తీస్తే మాత్రం ఇక నీ ఆట చాలని నవ్వుతూ చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పినవే జరుగుతాయని దఫ్తరులో అందరికీ తెలుసు. సికింద్రాబాదు పోయి, బంతిని మెల్లగా దొర్లించే కర్ర, కొత్తది కొన్నాను. దాన్ని పట్టర్ అంటారు.

ఇంట్లో ఆ పేరు చెప్పగానే మా బాపు తల గోక్కున్నాడు.

"ఎవరు పట్టరు?"

"గది దాని పేరు బాపూ."

"మంచి పేరే పెట్టిండ్రు," అని బర్రెలకు కుడితి పెట్టడానికి లేచాడు.

మా వాకిట్లో షాబాదు బండలు. పొద్దున పాలు పిండాక బండలు కడిగేవాళ్ళు. అవి ఆరగానే ఇత్తడి చెంబును పడుకోబెట్టి, దాని మూతిలోకి బంతిని దొర్లించేవాణ్ణి. మొదట్లో అది చెంబుకు ఎడమ పక్కనుంచి జారిపోయేది. జానెడు కుడికి చూసి కొట్టాను, పడింది. ఇక పడుతూనే ఉంది. కొత్త కర్ర మహిమ అనుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి. బాపు నులక మంచం మీద కూర్చుని చూసేవాడు. ఆయనకు ఆట తెలియదు గాని, చెంబు మోగితే కొడుకు గెలిచినట్టని మాత్రం అర్థమైంది. మోగినప్పుడల్లా తల ఊపేవాడు.

పోటీ రోజు నా దూరపు దెబ్బలన్నీ కుదిరాయి. మైదానంలో గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక, పలకలాగా చదును చేసి ఉంటుంది. దాని మీద నా బంతి ప్రతిసారీ కుడికి పోయింది. అధికారి ఆదుకుంటూ వచ్చాడు. చివరి గుంత దగ్గరికి అవతలివాళ్ళతో సమానంగా చేరాం. మిగిలింది రెండు జానల దూరం, దెబ్బ నాది. పాకే పిల్ల కూడా వేస్తుంది. నేరుగా కొట్టాలని నాకు నేనే చెప్పుకున్నాను. చెయ్యి వినలేదు. బంతి గుంత అంచు కుడివైపు రాసుకుంటూ పోయి ఆగింది, ఆ ఒక్క దెబ్బతో ఓడిపోయాం.

"ఇత్వార్ కు ఆనే కీ జరూరత్ నై," అన్నాడు అధికారి కారెక్కుతూ. "కాగజాత్ దఫ్తర్ మే ఇచ్ దేదో."

అంతే. ఆదివారం రానక్కర్లేదు, కాగితాలు దఫ్తరులోనే ఇవ్వమన్నాడు. నాకు ఇక ఆదివారాలు లేవు. తిట్టినా బాగుండేది. ఇంట్లోకి పోకుండా పురానాపూల్ వంతెన మీదికి పోయి, పట్టర్‌ను మూసీలో పారేద్దామని చాలాసేపు నిలబడ్డాను. అదీ చేతకాలేదు.

ఓడిపోయానని, బంతి కుడికి పోయిందని బాపుకు చెప్పాను. మళ్ళీ రావద్దన్నారని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన బండల వైపు కాసేపు చూసి, చెంబెడు నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు ఎడమకు తిరిగి మోరిలోకి, ఆ పక్క మురుగు కాలవలోకి, పోయాయి.

"మోరి దిక్కు వాటమున్నది బిడ్డా. నీ చెయ్యి దానికి అలవాటు పడ్డది. నీ తప్పేం లేదు."

చిన్నప్పటినుంచి ఆ నీళ్ళలో ఆడినవాణ్ణి. నాకు తట్టనే లేదు.

నాలుగు రోజులకు దఫ్తరు నుంచి వచ్చేసరికి వాకిలి మారిపోయింది. బాపు మేస్త్రీని పిలిపించి, బండలన్నీ లేపించి, మట్టం పెట్టి సమంగా పరిపించాడు. "ఇగ ఆడు," అన్నాడు. ఆ వానాకాలమంతా పేడ నీళ్ళు వాకిట్లోనే నిలిచాయి. అమ్మ రెండు పూటలా చీపురుతో మోరిలోకి తోసేది. చూలు బర్రె ఒకటి జారి పడింది. అయినా బాపు ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు.

"మళ్ళెప్పుడు పోతవు ఆటకు?" అని ప్రతి ఆదివారం అడిగేవాడు. వచ్చే వారం అనేవాణ్ణి. అమ్మ నీళ్ళు ఊడ్చి, బండలు ఆరాక, పట్టర్ తీసి ఆయన ముందు నేరుగా కొట్టేవాణ్ణి. ఒక్కటీ తప్పేది కాదు. చెంబు మోగినప్పుడల్లా బాపు తల ఊపేవాడు.