పైన్ అడవిలో విమానాల దారి

జెద్దాలో మా ఆఫీసు మ్యాపుల విభాగంలో నా పక్క సీటు ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. ఏడాదిలో రిటైర్ కావాలి. ఒకరోజు భోజనాల వేళ ఆయన ఒక పాత ఫొటో తీసి నా ముందు పెట్టారు. ఇసుక నేల మీద చిన్న యుద్ధవిమానం, దాని రెక్కకు ఆనుకుని నవ్వుతున్న ఒక కుర్రాడు. వెనక పెన్సిల్‌తో ఒక ఊరి పేరు.

"మా నాన్న. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మెకానిక్. బతికున్నన్నాళ్లూ దాని గురించి నోరు విప్పలేదు. ఈ చోటు ఎక్కడుందో చూడాలని ఉంది," అన్నారు.

వెతికితే ఫిన్లాండ్‌లో ఆ పేరుతో మూడు ఊళ్లున్నాయి. మొదటి ఊరి చుట్టూ పేర్లన్నీ 'సువో' అని ముగిశాయి. వాళ్ల భాషలో బురదనేల అని అర్థమట. అక్కడ విమానం దిగదని దాన్ని వదిలేశాం. రెండో ఊరి దగ్గర ఉపగ్రహ చిత్రంలో, అడవి మధ్య తిన్నటి గీత ఒకటి నా కంటబడింది. దొరికేసిందని సంబరంగా చూపించాను. ఆయన కాసేపు పరికించి, "ఇది కరెంటు లైను కోసం చెట్లు కొట్టిన జాడమ్మా," అన్నారు మెల్లగా. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ కార్లో మా డ్రైవర్‌కు ఈ సంగతి చెప్పాను. అతనిది కడప.

"ఈడ పాత ఎయిర్‌పోర్టు ఎప్పుడో పాయె మేడమ్. అయినా ఆ పక్కకు పోవాలంటే పాత ఎయిర్‌పోర్టు కాడికే అంటారు. పేరు యాడికీ పోదు. వాళ్లకాడ గూడా ఏదో దోవకు ఆ పేరు మిగిలే ఉంటాది, చూడండి."

మర్నాడు మూడో ఊరి మ్యాపులో దారుల పేర్లు ఒక్కొక్కటే పెద్దాయనతో చదివించాను. అడవిలోకి వెళ్లి ఆగిపోయే ఒక మట్టిరోడ్డు దగ్గర ఆయన ఆగారు. దాని పేరుకు అర్థం 'విమాన మైదానం దారి' అట. పక్కనున్న చోటి పేరు 'కంగస్' అని ముగుస్తోంది. పైన్ చెట్లు పెరిగే పొడి ఇసుక నేలను అలా అంటారట. ఉపగ్రహ చిత్రంలో చూస్తే అక్కడ చెట్లు ఒక పొడవాటి పట్టీలా, చుట్టూ ఉన్న అడవికన్నా లేత రంగులో ఉన్నాయి. ఒకప్పటి రన్‌వే మీద తర్వాత పెరిగిన చెట్లన్నమాట.

వేసవి సెలవులో ఆయన అక్కడికి వెళ్లొచ్చారు. మైదానమంతా చెట్లేనట. దగ్గరి ఇంటాయన సైనికులుండిన బ్యారక్ పునాది రాళ్లు చూపించి, యుద్ధంలో తన తల్లి మెకానిక్‌లకు పాలు పోసేదని చెప్పాడట.

"మీ నాన్నగారు ఉన్నది అక్కడేనంటారా?" అని అడిగాను.

"రుజువేమీ లేదు. కానీ ఆ రాళ్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఆయనకప్పుడు పంతొమ్మిదేళ్లు, మా చిన్నవాడి వయసు. నాకు ఎప్పుడూ మాట్లాడని ముసలాయనే తెలుసు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లూ కోపంగా ఉండేది."

"ఇప్పుడు?"

"ఆ వయసులో ఏం చూశాడో అనిపిస్తోంది," అని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.