ఎర్ర తువ్వాలు

నా చిన్నప్పుడు సముద్రంలో ఒక ఊరు ఉండేది. దీపాలు పెట్టే వేళకి మా ఇంటి అరుగు మీద కూర్చుంటే, నీళ్ళకి ఆవల ఒక్కొక్క దీపమే వెలిగి, కాసేపటికి వీధులూ మేడలూ ఉన్న ఊరైపోయేది. తెల్లారి చూస్తే ఊరు లేదు, ఓడలున్నాయి. మర్నాడు సాయంత్రానికి ఆ ఊళ్ళో ఒక వీధి తగ్గేది, ఇంకోచోట కొత్త మేడ లేచేది. అక్కడా నాలాంటి పిల్లలుంటారనీ, వాళ్ళు మా కొండవాలు మీది దీపాలు చూసి ఇలాగే అనుకుంటారనీ నాకు గట్టి నమ్మకం. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కొండ ఎక్కే ఒక సందులో మా ఇల్లు. మా తాతయ్య పోర్టులో ఖలాసీగా చేసి దిగిపోయిన మనిషి. బయట నిలబడ్డ ఓడ దగ్గరకి పైలట్‌ను తీసుకెళ్ళే లాంచీ మీద ఆయన పని. పైలట్ ఎక్కి దారి చూపిస్తేనే ఓడ లోపలికి వస్తుంది. అంతవరకూ ఎంత పెద్ద ఓడైనా, ఏ దేశపు ఓడైనా, బయట లంగరేసుకుని ఉండాల్సిందే. రేవు రమ్మనాలి. సందు చివర టీ కొట్టు అంత కూడా లేని లాంచీ కోసం కొండంత ఓడ ఓపిగ్గా కాచుకుని ఉండటం నాకు భలే నచ్చేది.

మా తాతయ్య పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు ఉండేది. మొహం తుడుచుకోవడానికీ, విసురుకోవడానికీ, ఎండలో నా తలకి చుట్టడానికీ, వర్షంలో చేపల సంచీ మీద కప్పడానికీ అదే. అమ్మ దాన్ని ఉతుకుతానంటే ఇచ్చేవాడు కాదు, తనే ఉతుక్కుని పెరట్లో ఆరేసుకునేవాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు ఓడల జెండాలు నేర్పాడు. ఎర్రజెండా ఎగరేసిన ఓడలో మంటకి అంటుకునే సరుకు ఉందని అర్థమట.

"ఎర్రది కనపడితే ఏ పడవోడైనా ఎడంగా పోవాల," అనేవాడు. "ఎందుకూ ఏటీ అని అక్కడే నిలబడి అడక్కూడదు. ముందు ఎడంగా పోవాల. తర్వాత అడగాల."

ఆ రోజుల్లో మా నాన్నకి స్థిరమైన పని లేదు. ఓడల సరుకు దించే ఒక కాంట్రాక్టరు దగ్గర కూలికి వెళ్ళేవాడు. పొద్దున్నే జనమంతా గేటు దగ్గర నిలబడితే, ఆ కాంట్రాక్టరు పెట్టుకున్న మేస్త్రీ ఎవరి పేరు పిలిస్తే వాళ్ళకే ఆ రోజు పని. అందుకని ఆ మేస్త్రీ మా ఇంట్లో దేవుడితో సమానం. ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చేవాడు. ఆయన కోసం అమ్మ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కూరలు తెచ్చేది, నాన్న ఎక్కడో బేరమాడి మంచి చేప తెచ్చేవాడు. నాన్నని ఆయన బావా అనేవాడు కాబట్టి నాకు మావయ్య.

ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు పిలిస్తే పిల్లలు దగ్గరకి వెళ్ళాలి, ఒళ్ళో కూర్చోవాలి, బుగ్గ గిల్లితే నవ్వాలి. అది మా అందరి ఇళ్ళలోనూ మర్యాదే. ఆ మావయ్య ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే దిగుతానన్నా దించేవాడు కాదు. అంతకన్నా ఎక్కువ రాయను. నాకు ఇష్టం లేని విధంగా పట్టుకునేవాడు, ఇది మనిద్దరికే తెలియాల, ఇంట్లో సెప్పకు అని చెవిలో చెప్పి చేతిలో నిమ్మబిళ్ళ పెట్టేవాడు. దాన్ని తీసుకెళ్ళి కరివేపాకు మొక్క కింద పాతేసేదాన్ని. తీపంటే ప్రాణం పెట్టే పిల్లని, అయినా అది నోట్లో పెట్టుకోలేకపోయేదాన్ని. శనివారం సాయంత్రం నుంచే కడుపులో నొప్పి మొదలయ్యేది.

ఎందుకు చెప్పలేదని ఈ కాలం వాళ్ళు అడుగుతారు. ఏ మాటతో చెప్పను? మా ఇంట్లో ఒంటి గురించి ఉన్న మాటలు రెండే, 'కప్పుకో', 'సిగ్గులేదా'. ఆ రెంటిలో ఏదీ నా సంగతి చెప్పడానికి పనికిరాలేదు. పైగా ఆయనకి కోపం వస్తే నాన్న పేరు పిలవడని నాకు తెలుసు. అలాంటివి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం నేను పెరట్లో ఉండగా ముందు గదిలో ఆయన గొంతు వినపడింది. వంటింట్లో చేప వేగుతోంది. సముద్రం మీంచి గాలి ఎక్కువగా ఉంది, తీగ మీద తాతయ్య తువ్వాలు రెపరెపలాడుతోంది. ఏం ఆలోచించానో నాకు గుర్తులేదు. ఆలోచించి ఉండను కూడా. నిద్రలో నడిచినట్టే వెళ్ళి ఆ తువ్వాలు లాగి, మెడ దగ్గర ముడేసి ఒళ్ళంతా కప్పుకుని, ముందు గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాను. గాలికి అది నా వెనక ఎగురుతోంది.

అందరూ నవ్వారు. "ఆ తువ్వాలేటే? తీసీ. మావయ్య పిలుత్తన్నాడు, ఎల్లు," అంది అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి. మంచం మీద కూర్చున్న మేస్త్రీ కూడా నవ్వుతూ చెయ్యి చాపాడు. నాన్న నావైపు చూసి, వెళ్ళమన్నట్టు తల ఆడించాడు. నేను కదల్లేదు.

తాతయ్య వీధి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. దూరాన ఉన్న ఓడని చూసేటప్పుడు కళ్ళు సగం మూసి చూసేవాడు. అలాగే నన్ను చూశాడు. తువ్వాలు వైపు, నా మొహం వైపు, ఆ చాచిన చెయ్యి వైపు. నన్ను చదువుతున్నాడని నాకు తెలిసిపోయింది. లేచి వచ్చి మేస్త్రీకీ నాకూ మధ్యన నిలబడ్డాడు.

"ఆగు బాబూ," అన్నాడు. "మా గుంట ఎర్రజెండా ఎత్తింది."

"ఏటి మావా, ఆటలా?" అన్నాడు మేస్త్రీ.

"ఆటైతే రేపు నవ్వుకుందుం. ఇయ్యేళ ఎడంగా ఉండు."

మేస్త్రీ మొహంలో నవ్వు పోయింది. తాతయ్యని వదిలేసి నాన్న వైపు తిరిగాడు. ఏటి బావా, పిలిసి అన్నం పెట్టే పద్ధతి ఇదేనా అన్నాడు. నాన్న చూపు మేస్త్రీ మీంచి తాతయ్య మీదకీ, తాతయ్య మీంచి నా మీదకీ వచ్చి ఆగింది. మర్నాటి గేటు, పిలుపు, మా అందరి తిండి, అంతా ఆ గదిలోనే ఉన్నట్టుంది. వంటింట్లో చేప మాడిన వాసన వచ్చింది, ఎవరూ వెళ్ళలేదు. ఆ కాస్త సేపూ నాకు ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. నాన్న వచ్చి తాతయ్య పక్కన నిలబడి, "నువ్వు ఎల్లు బావా," అన్నాడు.

ఆ సాయంత్రం తాతయ్య అరుగు మీదకి వచ్చి, పక్కన కూకోనా అని నన్ను అడిగాడు. అంతకు ముందు ఎప్పుడూ అడిగింది లేదు, ఎప్పుడూ ఊరికే కూర్చునేవాడు. సరేనన్నాక, కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. సముద్రంలో ఊరు ఒక్కొక్క దీపమే వెలిగించుకుంటోంది. నేను మొహం తువ్వాల్లో దాచుకుని ఒక మాట చెప్పాను. ఇంకో దీపం వెలిగాక ఇంకో మాట చెప్పాను. చీకటి పడేసరికి అంతా చెప్పేశాను.

"నీ తప్పేటీ లేదు," అన్నాడు తాతయ్య. "ఇంట్లో సెప్పొద్దని ఎవుడైనా అన్నాడంటే, ముందుగా సెప్పాల్సింది అదే. ఓడకి జెండా ఉంటాది, కూతా ఉంటాది. జెండా సూడకపోతే కూతెయ్యాల. ఒకలు ఇనకపోతే ఇంకొకలు ఇనేదాకా ఎయ్యాల. కూతేసిన ఓడని ఎవులూ తిట్టరు."

మర్నాడు ఆయన మా సందులో పిల్లలున్న ప్రతి గడపా ఎక్కాడు. ఎవరికి ఏం చెప్పాడో నాకు తెలియదు. నా పేరు ఎత్తలేదని మాత్రం తర్వాత అమ్మ చెప్పింది. ఆ మేస్త్రీ మళ్ళీ మా సందులో కనపడలేదు.

తాతయ్య చెప్పగా విని అమ్మ ఏడ్చింది. నన్ను వెళ్ళమన్నది తనేనని తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. తర్వాత నాకు తలకి నూనె రాస్తూ, జడ వేస్తూ, ఒంట్లో ఏది ఏమిటో, ఎవరూ ముట్టకూడనివి ఏవో, కొన్నాళ్ళకి నా ఒళ్ళు ఎలా మారుతుందో, నెలనెలా ఏమవుతుందో చెప్పింది. మొహం చూసి చెప్పలేక నా వీపుకి చెప్పింది. రోజుకి కొంచెం చెప్పేది, జడ అయిపోగానే మాట కూడా అయిపోయేది. మిగతాది వినాలని నేనే దువ్వెన పట్టుకుని తన ముందు కూర్చునేదాన్ని. నిజంగా ఆ రోజు వచ్చినప్పుడు నేను భయపడలేదు. భయపడ్డ నా స్నేహితురాలికి కూడా నేనే చెప్పాను, జడ వేస్తూ.

గేటు దగ్గర నాన్న పేరు మళ్ళీ పిలవలేదు. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కేసరికి తిరిగొచ్చేవాడు. నా వల్లే అనుకుని గంజి కూడా సరిగ్గా తాగేదాన్ని కాదు. ఒకరోజు ఆయన నా గ్లాసు నా ముందుకి జరిపి, "నీ వల్ల కాదమ్మా. ఆడి వల్ల," అన్నాడు. ఆ మాటకి నాకు ఆకలేసింది. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనులు మొదలైతే నాన్న అటు వెళ్ళాడు, మెల్లగా మా రోజులు తేరుకున్నాయి. తాతయ్య తన తువ్వాలు తిరిగి అడగలేదు. కొత్తది కొనుక్కున్నాడు, అదీ ఎర్రదే.

ఇప్పుడు నేను నానమ్మని, ఉండేది ఆ ఇంట్లోనే. మా అబ్బాయి పరవాడ మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వేసవి సెలవులకి ఈ సాయంత్రమే కోడలినీ మనవరాలినీ తీసుకొచ్చి దింపాడు. ఎన్నాళ్ళకో వచ్చిన పిల్ల కదా, గుమ్మంలోనే చేతులు చాపాను. అది తల్లి చీర వెనక నించుని, అరచెయ్యి అడ్డంగా పెట్టింది. ముట్టుకోవడం ఇష్టం లేకపోతే అలా చెయ్యమని బడిలో నేర్పారట. మా కోడలు సిగ్గుపడిపోయి, నానమ్మే కదా, వెళ్ళు అంటూ ముందుకి తొయ్యబోయింది. వద్దన్నాను. గుండెలో కలుక్కుమనలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ చిన్న అరచెయ్యిని చూస్తుంటే, మా తాతయ్య ఉండి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనిపించి కళ్ళు చెమ్మగిల్లాయి.

వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. సముద్రంలో ఊరు వెలుగుతోంది. కాసేపటికి పిల్ల వచ్చి అరుగు ఆ చివర కూర్చుని, నానమ్మా, ఆ ఊరి పేరేంటి అని అడిగింది. చెబుతున్నాను. అది నన్ను ఇంకా దగ్గరకి రమ్మనలేదు. నాకేం తొందర? నేను ఖలాసీ మనవరాలిని, రమ్మనేదాకా బయట ఆగడం నాకు తెలుసు.